సుద్దముక్కతో 65,000 ఏళ్లు

చిన్న తరగతుల పరిసరాల పాఠంలో పిల్లలతో వంశవృక్షం గీయించాలని ఉంటుంది. కింద నేను, ఆ పైన అమ్మానాన్నలు, ఆ పైన తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ. మూడు వరసలు, ఏడు గడులు. గడుల్లో పేర్లు నింపితే పాఠం అయిపోయినట్టే.

మా గూడెం బడిలో ఈ పాఠం వచ్చినప్పుడల్లా ఒకటే చిక్కు. మన పిల్లలకు ఆ ఏడు గడులు చాలవు. ఒక ఏడాది ఒక పాప అమ్మ గడిలో ముగ్గురి పేర్లు రాసింది. కన్నతల్లి, తల్లికి అక్క, తల్లికి చెల్లెలు. ముగ్గురూ అమ్మలే గదా సారూ అంది. అదే వారం బడి చూడటానికి వచ్చిన ఒక అధికారి ఆ కాగితం తీసుకుని రెండు పేర్లు ఎర్ర సిరాతో కొట్టేశారు. మేం పక్కనే నిలబడి ఉన్నాం. ఏమీ అనలేదు. కోయ వరసల్లో తల్లి అక్కచెల్లెళ్లు తల్లులే అవుతారని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ ఒక్క నిమిషం మేం మాట్లాడకపోవడం ఇప్పటికీ ముల్లులాగా గుచ్చుతుంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆర్చీ మూర్ గురించి తెలిసింది. ఆస్ట్రేలియా మూలవాసి కళాకారుడు. ఆయన కూడా వంశవృక్షమే గీశాడు, అదీ నల్లబల్ల రంగు వేసిన గోడల మీద, సుద్దతో. కాకపోతే ఆయన మూడు తరాల దగ్గర ఆగలేదు. 2,400 తరాలు గీశాడు. మనం పొద్దున రాసి సాయంత్రం తుడిచే సుద్దతో, ఒక దేశం తన గురించి తాను చెప్పుకునే కథను నిలదీశాడు. ఆయన సంగతి మన టీచర్లకూ మన పిల్లలకూ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఇటలీలో వెనిస్ అని నీళ్ల మీద కట్టిన నగరం ఉంది. అక్కడ 1895 నుంచి బినాలె అనే కళా ప్రదర్శన జరుగుతోంది. రెండేళ్లకోసారి వస్తుంది. మన మేడారం జాతర కూడా రెండేళ్లకోసారే కాబట్టి పిల్లలకు చెప్పడం తేలిక. ఆ ప్రదర్శనలో చాలా దేశాలకు సొంత భవనాలు ఉన్నాయి. ఒలింపిక్స్‌లో ఆటగాళ్లు తమ జెండా వెనక నడిచినట్టు, అక్కడ కళాకారులు తమ దేశం పేరు రాసి ఉన్న భవనంలో పని చూపిస్తారు. 2024లో ఆస్ట్రేలియా భవనం ఆర్చీ మూర్‌కు దక్కింది. ఆ భవనంలో ఒక్కరే ప్రదర్శన పెట్టిన మూలవాసి కళాకారుల్లో ఆయన రెండోవాడు. మొదటి ఆమె ట్రేసీ మొఫాట్, 2017లో.

లోపలికి అడుగుపెడితే చీకటి గది. గోడలు నలుపు, పైకప్పు నలుపు. గోడలు 5 మీటర్ల ఎత్తు, కలిపి చూస్తే 60 మీటర్ల పొడవు. ఆ గోడల నిండా తెల్ల సుద్దతో గడులు, గడుల్లో పేర్లు, గడి నుంచి గడికి గీతలు. కింద ఒకచోట 'నేను' అని ఉంటుంది. అక్కడి నుంచి అమ్మ, నాన్న, వాళ్ల అమ్మలు, నాన్నలు, వాళ్ల తోబుట్టువులు... అలా పైకి పోతూ పోతూ గోడ దాటి పైకప్పు ఎక్కుతాయి. చూసేవాళ్లు తల ఎత్తి, మెడ వంచి, చివరికి చదవలేక వదిలేస్తారు. పైన ఉన్న పేర్లు నల్లని ఆకాశంలో చుక్కల్లా కనిపిస్తాయి. అంతా చేత్తో రాసిందే. గట్టిగా భుజం తగిలితే చెరిగిపోతుంది.

ఎందుకు 2,400 తరాలు? ఆస్ట్రేలియా ఉత్తరాన మజెడ్‌బెబె అనే రాతి గుహ ఉంది. అక్కడ తవ్వి దొరికిన పనిముట్లను పరీక్షించి, మనుషులు ఆ నేల మీద దాదాపు 65,000 ఏళ్ల నుంచి ఉన్నారని శాస్త్రవేత్తలు 2017లో ప్రకటించారు. ఆ కాలాన్ని తరాలుగా లెక్కవేస్తే వచ్చిన సంఖ్య 2,400. బ్రిటిష్ ఓడలు 1788 జనవరి 26న సిడ్నీ రేవులో దిగాయి. ఆ రోజునే ఆస్ట్రేలియా తన జాతీయ దినంగా జరుపుకుంటుంది. అంటే ఆ దేశం చెప్పుకునే వయసు రెండు వందల ఏళ్ల పైచిలుకు. మూర్ గోడ మీద ఆ రెండు వందల ఏళ్లు ఎంత చోటు తీసుకుంటాయో పిల్లలను లెక్క వేయమనండి. తరానికి పాతికేళ్ల పైన అనుకుంటే, కింద ఎనిమిదో తొమ్మిదో వరసలు. అంతే. మిగతా గోడ, పైకప్పు అంతా ఓడలు రాకముందుదే. ఇంత పెద్ద వాదాన్ని ఆయన ఒక్క మాట రాయకుండా, గీతల పొడవుతో చెప్పేశాడు.

మూర్ 1970లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని టూవూంబాలో పుట్టాడు. తల్లి వైపు కమిలరోయ్, బిగంబుల్ జాతులు. తండ్రి వైపు బ్రిటిష్, స్కాట్లాండ్ మూలాలు. పెరిగింది టారా అనే చిన్న ఊళ్లో. ఆ ఊళ్లో మూలవాసి కుటుంబాలు కొద్ది. బడిలో ఒంటి రంగును బట్టి పిలిచే పిలుపులు వింటూ పెరిగానని ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత బ్రిస్బేన్‌లో కళ చదివాడు, స్కాలర్‌షిప్ మీద యూరప్‌లో ప్రాగ్ నగరానికి వెళ్లి చదివాడు. బొమ్మలు వేస్తాడు, జెండాలు కుట్టిస్తాడు, ఇళ్లు కడతాడు, పాత కాగితాలు వెతుకుతాడు. చిన్ననాటి జ్ఞాపకాలను వాసనలుగా మార్చి అత్తరు సీసాల్లో కూడా పెట్టాడు. ఏది చేసినా విషయం ఒకటే. ఈ దేశంలో నేను ఎవరిని, నన్ను అలా ఎవరు రాశారు?

ఎవరు రాశారు అన్నది ఇక్కడ ముఖ్యం. తన వాళ్ల పేర్ల కోసం ఆయన ఇంట్లో వాళ్లను అడిగాడు, పాత పత్రికలు చూశాడు, ప్రభుత్వ దస్తావేజులు తిరగేశాడు. ఆ దస్తావేజులు రాసింది ఎవరంటే, ఆయన వాళ్ల మీద పెత్తనం చేసినవాళ్లు. క్వీన్స్‌లాండ్‌లో 1897లో ఒక చట్టం వచ్చింది. పేరులో 'రక్షణ' అని ఉంది. ఆ చట్టం కింద రక్షకులు అనే అధికారులను పెట్టారు. చాలాచోట్ల ఆ ఊరి పోలీసే రక్షకుడు. మూలవాసులు ఎక్కడ ఉండాలి, ఎవరి దగ్గర పని చేయాలి, కూలి డబ్బు ఎవరి చేతికి రావాలి, ఎవరిని పెళ్లి చేసుకోవాలి, పిల్లలు తల్లి దగ్గర ఉండాలా వద్దా, అన్నీ ఆయనే తేలుస్తాడు. తేల్చిన ప్రతిదీ కాగితం మీద రాస్తాడు. అందుకే ఇవాళ ఒక మూలవాసి తన ముత్తవ్వ పేరు వెతకాలంటే ఆ రక్షకుడి కాగితాల్లోనే వెతకాలి. ఆ కాగితాల్లో కొందరికి పేర్లే లేవు. తెల్లవాళ్లు పెట్టిన ముద్దుపేరు ఉంటుంది, లేదా సగం నెత్తురు, పూర్తి నెత్తురు అనే మాట ఉంటుంది. మూర్ వాటిని శుభ్రం చేయలేదు. దొరికింది దొరికినట్టే గడిలో రాశాడు. మన పెద్దవాళ్లను తిట్టిన మాటను పిల్లలు చూసే గోడ మీద రాయాలా అని మాకు మొదట అనిపించింది. ఆలోచిస్తే రాయాలి అనే అనిపిస్తోంది. ఆ మాట చెరిపేస్తే రాసినవాడి తప్పు కూడా చెరిగిపోతుంది.

గోడ మీద కొన్ని చోట్ల పేర్లు ఉండవు, గీతలూ ఉండవు. పెద్ద పెద్ద నల్లని ఖాళీలు. అవి తెలియక వదిలినవి కావు, కావాలని వదిలినవి. ఊచకోతలు, మశూచి లాంటి రోగాలు, పోయిన కాగితాలు, ఇవన్నీ ఆ ఖాళీల్లో ఉన్నాయి. 1838 జూన్ 10న మయాల్ క్రీక్ అనే చోట పశువుల మందలు కాసే తెల్లవాళ్లు కనీసం 28 మందిని నరికి కాల్చేశారు. చనిపోయినవాళ్లు వీరయరాయ్ ప్రజలు, కమిలరోయ్ వాళ్లలో ఒక పాయ. ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఆ కేసులో ఏడుగురిని ఉరి తీశారు. అలా శిక్ష పడటం ఎంత అరుదంటే, ఆస్ట్రేలియా చరిత్ర పుస్తకాల్లో దాన్ని ఇప్పటికీ ప్రత్యేకంగా చెబుతారు. అదే ఏడాది జనవరిలో వాటర్‌లూ క్రీక్ దగ్గర గుర్రపు పోలీసులు కమిలరోయ్ వాళ్లను చంపారు. దానికి శిక్ష లేదు, ఎంతమంది చనిపోయారో ఒప్పుకున్న లెక్క కూడా లేదు. ఒక తరంలో ఒక గుడిసె కాలితే, ఆ తర్వాత రావలసిన పది తరాలు గోడ మీద ఉండవు. మూర్ గీసిన ఖాళీ అదే.

ఇక వరసల సంగతి. మమ్మల్ని ఎక్కువగా పట్టుకున్నది ఇదే. కమిలరోయ్ సమాజంలో అందరూ నాలుగు భాగాలుగా ఉంటారు. ఏ భాగంలో పుట్టినవాళ్లు ఏ భాగం వాళ్లను చేసుకోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఒక భాగంలో వాళ్లంతా, ఎప్పుడూ చూసుకోకపోయినా, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ పండితులు దీన్ని చూసి పెద్ద పెద్ద పుస్తకాలు రాశారు. మన కోయవాళ్లకు ఇందులో అంత ఆశ్చర్యం ఏముంది? మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు అని మనకు ఉన్నాయి. ఒకే గట్టువాళ్లు ఎంత దూరం ఊళ్లో ఉన్నా అన్నాచెల్లెళ్లే, పెళ్లి కుదరదు. గోండు అన్నలకు కూడా దేవరల సంఖ్యను బట్టి ఇలాంటి ఏర్పాటే ఉంది. కమిలరోయ్‌లకూ తల్లి చెల్లెలు తల్లే. మూర్ తన గోడ మీద ఇంగ్లీషు పేర్లతో పాటు గమిలరాయ్, బిగంబుల్ మాటల్లో వరసలు కూడా రాశాడు. అది చదివినప్పుడు మాకు ఆ పాప కాగితం, దాని మీద ఎర్ర సిరా గుర్తొచ్చాయి.

ఈ పనికి ఆయన పెట్టిన పేరు 'కిత్ అండ్ కిన్'. ఇప్పటి ఇంగ్లీషులో బంధుమిత్రులు అని అర్థం. కానీ పాత ఇంగ్లీషులో కిత్ అంటే సొంత నేల, సొంత దేశపు మనుషులు అని కూడా అర్థం ఉండేదట. ఆ పాత అర్థం పోయి మిత్రులు మాత్రం మిగిలారు. మూర్ కావాలనే ఆ పాత అర్థం కోసం ఆ మాట తీసుకున్నాడు. మూలవాసులకు నేల లేకుండా బంధుత్వం లేదు కదా. మన దగ్గర కూడా ఒక ఇంటిపేరు చెబితే చాలు, పెద్దవాళ్లు ఏ గట్టు, ఏ వేల్పు, ఆ వేల్పు గద్దె ఏ ఊళ్లో ఉంది అని వెంటనే అడుగుతారు. మనిషి పేరులోనే నేల ఉంటుంది.

ఇంతసేపూ గోడలే చెప్పాం. గది మధ్యలో ఇంకొకటి ఉంది. నల్లని నీళ్ల మడుగు. దాని మీద తెల్ల కాగితాల దొంతరలు, ఒకదాని పక్కన ఒకటి, ఒక చిన్న నగరంలా పేర్చి ఉంటాయి. అవి మరణ విచారణ పత్రాలు. 1991 తర్వాత పోలీసుల దగ్గరో జైల్లోనో చనిపోయిన మూలవాసుల గురించి ప్రభుత్వం రాయించినవి. ఇలాంటి మరణాలు 500 దాటాయి.

1991 ఎందుకంటే, అంతకుముందు 1987లో ఆస్ట్రేలియా ప్రభుత్వం దీని మీద రాయల్ కమిషన్ వేసింది. 1980 నుంచి 1989 వరకు జరిగిన 99 మరణాలను ఆ కమిషన్ ఒక్కొక్కటిగా విచారించి, 1991లో 339 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. ఏం చేయాలో అందరికీ తెలిసిపోయింది. ఆ తెలిసిన తర్వాత చనిపోయినవాళ్ల కాగితాలు ఈ దొంతరలు. ఆ దేశ జనాభాలో మూలవాసులు 3.8 శాతం. జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు వాళ్లే.

మూర్ ఆ పత్రాల్లో చనిపోయినవాళ్ల పేర్లు కనిపించకుండా చేశాడు. అక్కడి చాలా జాతుల్లో పోయినవాళ్ల పేరు పైకి పలకకూడదనే కట్టుబాటు ఉంది. ఆ కుటుంబాల దుఃఖాన్ని ప్రదర్శనకు పెట్టకూడదన్న మర్యాద కూడా ఉంది. చుట్టూ నీళ్లు ఉన్నాయి కాబట్టి ఎవరూ దగ్గరకు పోయి కాగితం తిప్పలేరు. కానీ వంగి చూస్తే ఆ నీళ్లలో గోడ మీది పేర్లు కనిపిస్తాయి. అంటే పేరు లేని కాగితాల కింద, నీళ్లలో, వాళ్ల వంశమంతా ఉంది. ఆ కాగితాల్లో తన సొంత బంధువులకు సంబంధించిన పాత దస్తావేజులు కూడా కొన్ని పెట్టాడు. పరాయివాళ్ల కష్టాన్ని తీసుకొచ్చి చూపించాడనే మాటకు తావు లేదు.

దేశం అనే మాటతో ఆయన ఇంతకుముందు కూడా తలపడ్డాడు. సిడ్నీ అంతర్జాతీయ విమానాశ్రయంలో 2018 నుంచి 28 జెండాలు వేలాడుతున్నాయి. చూడటానికి ఐక్యరాజ్యసమితి ముందు ఉండే జెండాల్లా ఉంటాయి. ఏ దేశాలవి? ఆర్.హెచ్. మాథ్యూస్ అని ఒక సర్వేయర్ ఉండేవాడు. నేల కొలిచే పని చేస్తూ మూలవాసుల మీద పరిశోధన వ్యాసాలు రాశాడు. 1900లో ఆయన ఒక పటం అచ్చు వేసి, ఆస్ట్రేలియాలో 28 ఆదివాసీ దేశాలు ఉన్నాయని గీతలు గీశాడు. ఆ గీతల లోపల ఉన్నవాళ్లు తమను అలా విడదీసుకోలేదు. రెండు వందల యాభైకి పైగా భాషలు మాట్లాడిన జనం వాళ్లు. ఒక సర్వేయర్ ఊహించిన ఆ 28 దేశాలకు మూర్ జెండాలు తయారు చేసి, దేశం వాకిలి దగ్గరే కట్టాడు. పేరులో దేశాలు అనే ఇంగ్లీషు మాటకు అక్షరాలు కావాలనే తప్పు రాశాడు. కొత్తగా దిగిన ప్రయాణికుడు ఇవి నిజమైన జెండాలే అనుకుని దాటిపోవచ్చు. మాకు అందులోనే గమ్మత్తు కనిపిస్తుంది. జెండా చూస్తే దేశం ఉందని నమ్మేస్తాం, దాన్ని గీసింది ఎవరని అడగం. మనల్ని మనం కోయతూర్ అనుకుంటాం, గోండులూ అలాగే అనుకుంటారు. మనల్ని వేరు వేరు పట్టీలుగా రాసింది జనాభా లెక్కలవాళ్లు.

2016లో సిడ్నీ బినాలె కోసం చేసిన పని మరొకటి చెప్పి ముందుకు పోదాం. బెనెలాంగ్ అనే ఆయనను బ్రిటిష్‌వాళ్లు 1789లో పట్టుకుపోయారు. వాళ్ల భాష నేర్చుకుని ఆయన రెండు పక్షాల మధ్య మాట మోసేవాడు అయ్యాడు. గవర్నర్ ఫిలిప్ ఆయన కోసం సముద్రపు ఒడ్డున చిన్న ఇటుక ఇల్లు కట్టించాడు. ఇప్పుడు ఆ చోట ప్రపంచమంతా ఫొటోల్లో చూసే ఒపెరా హౌస్ ఉంది. మూర్ ఆ పక్కనే ఉన్న తోటలో ఆ ఇటుక ఇంటిని మళ్లీ కట్టాడు. జనం చరిత్ర చూద్దామని లోపలికి పోతే, లోపల రేకులతో కట్టిన, మట్టి నేల ఉన్న గుడిసె. గ్లెన్‌మోర్గన్‌లో మూర్ అమ్మమ్మ వేరా బతికిన గుడిసె అలా ఉండేది. బయట పద్దెనిమిదో శతాబ్దం, లోపల ఇరవయ్యో శతాబ్దం. గవర్నర్ ఇచ్చిన ఇటుక ఇంటికన్నా, తర్వాతి రోజుల్లో దేశం తన అమ్మమ్మకు మిగిల్చిన ఇల్లు హీనం. పాఠ్యపుస్తకంలో ఉన్న పెద్దమనిషి ఇంట్లో, పుస్తకంలో ఎప్పటికీ రాని ముసలమ్మను కూర్చోబెట్టాడు. ఆ ఒక్క పని చేసి ఊరుకున్నా మేం ఆయన గురించి రాసేవాళ్లం.

మళ్లీ వెనిస్‌కు వద్దాం. 2024 ఏప్రిల్ 20న బహుమతులు ప్రకటించారు. దేశాల విభాగంలో మొదటి బహుమతి, గోల్డెన్ లయన్, ఆస్ట్రేలియాకు వచ్చింది. ఆ దేశానికి అది మొదటిసారి. వేదిక మీద మూర్ ఎక్కువ మాట్లాడలేదు. వెనిస్ కాలువల్లో నీళ్లే సముద్రాల మీదుగా ఆస్ట్రేలియా చుట్టూ చేరతాయని, మనమందరం బంధువులమని, ఒకరి బాధ్యత ఒకరిదని అన్నాడు. ఆ తర్వాత ఆస్ట్రేలియా ప్రభుత్వమే ఈ పనిని కొని, బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీకీ, లండన్‌లోని టేట్‌కూ కానుకగా ఇచ్చింది.

ఇక్కడ మాకు ఒక పేచీ ఉంది. ఆ బహుమతికి ఆరు నెలల ముందు, 2023 అక్టోబర్ 14న, ఆ దేశంలో ఓటింగ్ జరిగింది. మూలవాసుల మాట పార్లమెంటుకు చెప్పడానికి ఒక సలహా సంఘం ఉండాలని రాజ్యాంగంలో రాయాలా వద్దా అన్నది ప్రశ్న. పదిమందిలో ఆరుగురు వద్దన్నారు. ఇంట్లో మాట్లాడనివ్వని మనిషికి, బయట సభలో మాట్లాడినందుకు బహుమతి వస్తే ఇంటివాళ్లు వచ్చి ఫొటో దిగినట్టు ఉంది ఈ వ్యవహారం. మన దగ్గర కూడా ఇది కొత్త కాదు. మన గుస్సాడీ, మన కొమ్ము నాట్యం ప్రభుత్వ సభల్లో ముందు నడుస్తాయి. అదే వారం అదే గూడెం పోడు భూమి మీద ట్రెంచి తవ్వుతారు. అయినా మూర్ ఆ భవనం వద్దనలేదు. దేశం పేరు రాసి ఉన్న ఆ గడప లోపలే, ఆ దేశం కాగితాలనే నీళ్ల మీద పెట్టాడు. వద్దని బయట నిలబడటం మంచిదా, లోపలికి పోయి ఇలా చేయడం మంచిదా అని మా టీచర్ల మధ్య ఒక రాత్రంతా వాదం నడిచింది. తేలలేదు.

బహుమతి తేదీ దగ్గర మేం ఆగిపోయాం. ఏప్రిల్ 20. ఆదిలాబాద్ గోండు అన్నలకు ఆ తేదీ చెప్పనక్కరలేదు. 1981లో అదే రోజు ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది. ఆ ప్రాంతం జనం చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. అక్కడ స్థూపం ఉంది. చాలా ఏళ్లు ఆ రోజున స్థూపం దగ్గరకు పోవడానికి కూడా ఆంక్షలే. ఆ 13కూ జనం చెప్పే లెక్కకూ మధ్య ఉన్న తేడా కూడా ఒక నల్లని ఖాళీయే. ఎరుకల అన్నల సంగతి వేరేలా ఉంటుంది. 1911 నేరస్థ జాతుల చట్టం వల్ల వాళ్ల పెద్దల పేర్లు పోలీసు రిజిస్టర్లలో వరసగా ఉన్నాయి. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో హాజరు పిలిచి మరీ రాసుకున్నారు. ముత్తాత పేరు దొరుకుతుంది, పక్కన దొంగ అని ఉంటుంది. మూర్ కుటుంబానికి రక్షకుడి కాగితం ఎలాంటిదో, వాళ్లకు ఆ రిజిస్టరు అలాంటిది.

మనకు ఇంకొక దారి కూడా ఉంది. అది మూర్‌కు అంతగా దక్కలేదు. మన వంశాలను నోటితో మోసినవాళ్లు నిన్నమొన్నటి దాకా మన మధ్యే ఉన్నారు. కోయ డోలీలు పడిగె విప్పి, డోలు కొట్టి, ఏ గట్టు ఎలా పుట్టింది, ఏ ఇంటిపేరు ఎక్కడి నుంచి కదిలి ఎక్కడ ఆగింది పాడేవాళ్లు. గోండులకు పర్ధాన్లు ఆ పని చేశారు. మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క, సారలమ్మల కథ, కోయ ఇంటిపేర్ల కథలు ఆయన నోటిమీద ఉండేవి. వెనిస్‌లో మూర్ గోడ ఇంకా జనం చూస్తుండగానే, 2024 జూన్‌లో ఆయన పోయారు. ఎంత రాసుకున్నాం, ఎంత రికార్డు చేసుకున్నాం అని మనల్ని మనం అడిగితే తల వంచుకోవాల్సిందే.

ఇది కళకు సంబంధించిన మాట మాత్రమే అనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో వచ్చిన నియమాల్లో 13వది సాక్ష్యాల గురించి. ఏ ఏ సాక్ష్యాలు చెల్లుతాయో అందులో రాసి ఉంది. పెద్దవాళ్లు చెప్పింది రాసిన వాంగ్మూలం చెల్లుతుంది. పాత రికార్డుల్లో ఉన్న మనిషి దాకా మన వంశాన్ని చూపించే వంశవృక్షం కూడా చెల్లుతుంది. డీడీల్లో, గ్రామసభల్లో తిరిగే మన యువకులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. తాత పేరు తెలియకపోతే పోయేది జ్ఞాపకం ఒక్కటే కాదు, చెలక కూడా పోతుంది.

కిందటి వేసవిలో మా బడి వెనక గోడకు నల్లరంగు వేయించాం. రంగు డబ్బాల డబ్బు టీచర్లు వేసుకున్నాం, కూలి ఊరివాళ్లు పెట్టుకున్నారు. బడి తెరిచాక పిల్లలు ఇంట్లో అడిగి ఒక్కో పేరూ తెచ్చి రాస్తున్నారు. మొదట్లో తండ్రుల వైపే తెచ్చారు. తల్లుల వైపు కూడా తెమ్మన్నాక గోడ రెండు వారాల్లో నిండింది. ఒకే అవ్వ పేరు నలుగురు పిల్లల కొమ్మల్లో వచ్చింది. ఆ నలుగురూ అంతకుముందు ఎప్పుడూ కలిసి ఆడినవాళ్లు కాదు. ఒక అబ్బాయి ముత్తాతను ఎవరో కట్టెల పనికని తీసుకుపోయారట, తిరిగి రాలేదు, పేరు చెప్పేవాళ్లు ఇంట్లో మిగల్లేదు. అక్కడ ఏం రాయాలి సారూ అన్నాడు. ఏమీ రాయొద్దు, గడి మాత్రం గీయి అన్నాం. గీశాడు. ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

శ్రావణంలో గోడ చెమ్మ పట్టి కింది వరసలు కొన్ని చెరిగాయి. మళ్లీ రాశారు. ముగ్గురమ్మల పేర్లు రాసిన ఆ పాప ఇప్పుడు హైస్కూలు హాస్టల్లో ఉంది. ఆమె తమ్ముడు మా దగ్గరే నాలుగో తరగతి. మొన్న వాడు స్టూలెక్కి, తన పేరు పైన అమ్మ అని మూడు గడులు గీసి, మూడింటికీ గీతలు కలిపాడు. అప్పుడే బడి చూడటానికి వేరొక అధికారి వచ్చారు. ఇదేమిటి మాస్టారూ, తప్పు కదా అన్నారు. ఈసారి మేం చెప్పాం.